యూరిన్ పైపు ఉందని దాచుకోవద్దు: వెన్ను సమస్య ఉన్న అమ్మాయిలు, ఇంట్లోవాళ్లు తెలుసుకోవాల్సిన విషయాలు

వెన్నెముక దెబ్బతిన్న అమ్మాయిని చూడటానికి వచ్చేవాళ్లంతా అడిగేది ఒకటే: "మళ్లీ నడుస్తుందా?" మూత్రం సంగతి ఎవరూ అడగరు, ఇంట్లోవాళ్లూ చెప్పరు. బంధువులు రాగానే యూరిన్ బ్యాగ్‌ను దుప్పటి కిందికి తోసేస్తారు. డాక్టర్లకు మాత్రం కాళ్లకంటే ముందు కిడ్నీల భయం ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు వెన్ను దెబ్బతిన్నవాళ్లలో చాలామంది మూత్రం ఇన్ఫెక్షన్లతో, ఒంటి పుండ్లతో కొద్ది నెలల్లోనే చనిపోయేవారు. ఇప్పుడు ఏళ్ల తరబడి ఆరోగ్యంగా బతుకుతున్నారంటే అందుకు పెద్ద కారణం, మూత్రాన్ని సరిగ్గా బయటకు తీసే పద్ధతులు రావడమే.

అసలు ఏం జరుగుతుంది?

మూత్రాశయాన్ని నడిపించే నరాలు వెన్నెముక అడుగు భాగం నుంచి వస్తాయి. మేడ మీది నుంచి పడటం, రోడ్డు ప్రమాదం, వెన్నెముక టీబీ, గడ్డ, పుట్టుకతో వచ్చే లోపం... కారణం ఏదైనా ఆ నరాల దారి దెబ్బతింటే మూత్రం నిండిందన్న సంగతి తెలియదు. తెలిసినా పూర్తిగా రాదు. కొందరికి చుక్కలు చుక్కలుగా కారిపోతుంటుంది. లోపల మిగిలిపోయిన మూత్రంలో క్రిములు పెరుగుతాయి. ఒత్తిడి పెరిగితే మూత్రం వెనక్కి తన్ని కిడ్నీలను పాడుచేస్తుంది. ఇదంతా నొప్పి లేకుండానే జరగొచ్చు.

రెండు పద్ధతులు

మొదటిది లోపలే ఉండే పైపు. దీన్నే ఫోలీ క్యాథెటర్ అంటారు. కొసన ఉన్న చిన్న బెలూన్‌లో నీళ్లు నింపడం వల్ల జారిపోకుండా ఉంటుంది, మూత్రం బ్యాగ్‌లోకి చేరుతుంది. ఎక్కువ కాలం అవసరమైతే కొందరికి పొట్ట కింది భాగం నుంచి కూడా పైపు వేస్తారు.

రెండోది, రోజుకు నాలుగు నుంచి ఆరుసార్లు సన్నని పైపు పెట్టి మూత్రం తీసి, వెంటనే పైపు తీసేయడం. 1972లో అమెరికా డాక్టర్ జాక్ లాపిడెస్ ఈ పద్ధతిని ముందుకు తెచ్చారు. ఇంట్లో ఆపరేషన్ థియేటర్ లాంటి శుభ్రత అక్కర్లేదని, సబ్బుతో చేతులు బాగా కడుక్కుని సమయానికి ఖాళీ చేస్తే చాలని ఆయన చెప్పారు. చేతులు బాగా పనిచేసి, కూర్చోగలిగే అమ్మాయిలకు సాధారణంగా డాక్టర్లు ఈ పద్ధతినే మేలంటారు. ఇందులో ఇన్ఫెక్షన్లు తక్కువ, బ్యాగ్ మోయాల్సిన పని లేదు. ఎప్పుడో ఆస్పత్రిలో వేసిన ఫోలీ పైపుతోనే ఏళ్లు గడుపుతున్నవాళ్లు "నాకు రెండో పద్ధతి కుదురుతుందా?" అని యూరాలజీ డాక్టర్‌ను ఒక్కసారి అడిగి తీరాలి.

లోపలే ఉండే పైపు ఉంటే

- బ్యాగ్ ఎప్పుడూ నడుము కంటే కిందే ఉండాలి. నేలను మాత్రం తాకకూడదు. కిషన్‌బాగ్‌లాంటి చోట్ల ఇరుకు మెట్ల మీదుగా అమ్మాయిని ఎత్తుకుని దించాల్సి వస్తుంది. అప్పుడు బ్యాగ్‌ను పొట్ట మీద పెట్టేస్తారు. మూత్రం వెనక్కి పోయేది అప్పుడే. ముందే ఖాళీ చేసి, కాలికి కట్టి దించండి.
- పైపును తొడకు టేపుతో అంటించాలి. లాగినట్టు, మెలిక పడినట్టు ఉండకూడదు.
- బ్యాగ్ సగం దాటగానే ఖాళీ చేయాలి. పైపుకూ బ్యాగ్‌కూ మధ్య ఉన్న అతుకును ఊరికే విప్పకూడదు.
- రోజుకొకసారి, మోషన్ అయ్యాక మరోసారి సబ్బు నీళ్లతో ముందు నుంచి వెనక్కి కడగాలి. డెటాల్, పౌడర్ వద్దు.
- మలబద్ధకం ఉంటే పైపు నొక్కుకుపోయి మూత్రం ఆగుతుంది. మోషన్ సంగతి కూడా డాక్టర్‌కు చెప్పాలి.
- మామూలు రబ్బరు పైపును సాధారణంగా మూడు నాలుగు వారాలకు, పూర్తి సిలికాన్ పైపును 12 వారాల లోపు మారుస్తారు. డాక్టర్ చెప్పిన తేదీని క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి. బెలూన్ నీళ్లు తీయకుండా పైపును ఎప్పుడూ లాగకూడదు.

సొంతంగా తీసుకోవడం నేర్చుకుంటే

మొదట ఆస్పత్రిలో సిస్టర్ దగ్గర నేర్చుకోవాలి. ఆడవాళ్ల మూత్రనాళం సుమారు 4 సెంటీమీటర్లే, అందుకే పని సులువు. మూత్ర ద్వారం యోని ద్వారానికి కాస్త పైన ఉంటుంది. మొదట్లో అద్దం పెట్టుకుని చూడాలి, కొన్నాళ్లకు వేలితోనే తెలిసిపోతుంది. చేతులు కడుక్కుని, కింది భాగం శుభ్రం చేసుకుని, పైపుకు జెల్లీ రాసి మెల్లగా పెట్టాలి. మూత్రం మొదలయ్యాక ఇంకో రెండు సెంటీమీటర్లు లోపలికి జరిపి, ఆగిపోయాక నెమ్మదిగా తీయాలి. పొరపాటున యోనిలోకి వెళితే ఆ పైపు వాడకుండా కొత్తది తీసుకోవాలి.

ఒక్కోసారి వచ్చే మూత్రం 400 నుంచి 500 మిల్లీలీటర్లు దాటకూడదు. దాటుతోందంటే ఇంకాస్త తొందరగా తీయాలని అర్థం.

ఒకే బాత్రూమ్‌ను ఇద్దరు ముగ్గురు కిరాయిదార్లు వాడుకునే ఇళ్లలో ఇదే పెద్ద చిక్కు. బాత్రూమ్ తప్పనిసరి కాదు. పరదా కట్టిన మూలలో, మంచం మీదే, ఒక డబ్బాలోకి తీసుకోవచ్చు. సబ్బు, నీళ్ల మగ్గు, జెల్లీ, పైపులు, చిన్న అద్దం ఒక సంచిలో సర్ది పెట్టుకుంటే చాలు.

నీళ్లు తగ్గించొద్దు

"మాటిమాటికీ అమ్మీని పిలవాలి" అన్న మొహమాటంతో చాలామంది అమ్మాయిలు నీళ్లు తాగడం మానేస్తారు. దీంతో మూత్రం చిక్కబడి ఇన్ఫెక్షన్లు, రాళ్లు వస్తాయి, పైపు మూసుకుపోతుంది. డాక్టర్ వద్దనకపోతే రోజుకు రెండు లీటర్ల దాకా, ఒకేసారి కాకుండా కొంచెం కొంచెంగా తాగాలి. అమ్మీలు, భాభీలు విసుక్కోకుండా ఉండటం కూడా వైద్యంలో భాగమే.

ఎప్పుడు పరుగెత్తాలి?

చలిజ్వరం, నడుము పక్కన నొప్పి, మూత్రంలో రక్తం, పైపు నుంచి మూత్రం రాకపోవడం, పొట్ట కింద ఉబ్బరం... వీటిలో ఏది కనిపించినా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. దెబ్బ ఛాతీ మధ్య భాగానికి పైన తగిలినవాళ్లకు ఇంకో ప్రమాదం ఉంది. మూత్రం ఆగితే హఠాత్తుగా తలనొప్పి, ముఖం ఎర్రబడటం, చెమటలు వస్తాయి. బీపీ విపరీతంగా పెరుగుతుంది. వెంటనే కూర్చోబెట్టి, బిగుతు బట్టలు వదులు చేసి, పైపు మెలిక పడిందేమో చూడాలి. తగ్గకపోతే 108కి ఫోన్ చేయాలి.

పైపు ఉన్నవాళ్ల మూత్రంలో క్రిములు ఎప్పుడూ కొన్ని ఉంటాయి. జ్వరంలాంటి లక్షణాలు లేకుండా రిపోర్టు చూసి, లేదా వాసన వస్తోందని మెడికల్ షాపులో యాంటీబయాటిక్ కొని మింగితే, నిజంగా అవసరమైన రోజున ఆ మందు పనిచేయకపోవచ్చు.

నమాజ్, రోజా

పైపు ఉంటే నమాజ్ మానేయాలా అని అడిగేవాళ్లు ఎక్కువ. మానక్కర్లేదు. ఆగకుండా రక్తస్రావం అవుతున్న ఫాతిమా బిన్త్ అబీ హుబైష్‌కు ప్రతి నమాజ్‌కూ వుజూ చేసుకోమన్న హదీస్ ఆధారంగా, మూత్రం ఆగనివాళ్లను ఉలమా మాజూర్‌గా లెక్కిస్తారు. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం నమాజ్ సమయం మొదలయ్యాక వుజూ చేసుకుంటే, బ్యాగ్‌లోకి మూత్రం వస్తున్నా ఆ సమయం ముగిసేదాకా ఆ వుజూ చెల్లుతుంది. బ్యాగ్‌ను ముందే ఖాళీ చేసుకోవాలి.

సొంతంగా తీసుకునేవాళ్లకు మధ్యలో కారకపోతే మామూలు వుజూ నియమాలే. ఫజర్, ఉదయం పది గంటలు, జుహర్, మగ్రిబ్, పడుకునే ముందు అని టైము పెట్టుకుంటే వుజూతో పాటే ఈ పనీ అయిపోతుంది. గుర్తుపెట్టుకోవడమూ తేలిక.

మూత్రనాళంలో పైపు పెడితే రోజా పోదని అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్హ్ అకాడమీ 1997లో జెద్దాలో తీర్మానించింది. ఆడవాళ్ల విషయంలో హనఫీ కితాబుల్లో వేరే అభిప్రాయం కూడా ఉంది కాబట్టి మీ ముఫ్తీని అడగండి. అంతకంటే ముందు, పగలంతా నీళ్లు లేకుండా ఉండొచ్చో లేదో డాక్టర్‌ను అడగండి. రోగికి అల్లాహ్ రుఖ్సత్ ఇచ్చాడు.

చదువు, పెళ్లి

మూత్ర ద్వారం, నెలసరి దారి వేర్వేరు. పీరియడ్స్‌లోనూ పైపు వాడొచ్చు, శుభ్రత కాస్త పెంచాలంతే. వెన్ను దెబ్బతిన్న చాలామంది అమ్మాయిలు పెళ్లి చేసుకోవచ్చు, తల్లులు కావచ్చు. పైపు ఉన్నా దాంపత్యం సాధ్యమే. సిగ్గుపడకుండా లేడీ డాక్టర్‌తో మాట్లాడాలి. సంబంధం చూసేటప్పుడు దాచి చేసిన పెళ్లిలో అమ్మాయి నీళ్లు మానేసి, పైపు మార్చుకోకుండా నలిగిపోతుంది.

సర్కారు సాయం

ఉస్మానియా ఆస్పత్రిలోనూ, పంజాగుట్ట నిమ్స్‌లోనూ యూరాలజీ విభాగాలున్నాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు తీసుకోవచ్చు. 40 శాతం ఆ పైన వైకల్యం ఉండి, అర్హత ఉన్నవాళ్లకు ఆసరా పింఛన్ ఉంది. 2023లో దాన్ని తెలంగాణలో నెలకు 4,016 రూపాయలకు పెంచారు.

ఈసారి ఓపీకి వెళ్లినప్పుడు మూడు ప్రశ్నలు కాగితం మీద రాసుకెళ్లండి. పైపు మళ్లీ ఎప్పుడు మార్చాలి? సొంతంగా తీసుకోవడం నేర్పిస్తారా? కిడ్నీల స్కానింగ్, క్రియాటినిన్ పరీక్ష చివరిసారి ఎప్పుడు చేశారు, మళ్లీ ఎప్పుడు చేయించాలి? ఆ ప్రశ్నలు అమ్మాయినే అడగనివ్వండి.