కంటి తెర క్రింద నీరు చేరితే



"సిస్టర్, అక్షరాలన్నీ వంకరగా కనిపిస్తున్నాయి, మధ్యలో నీడ పడినట్టుంది" అన్నాడు ఉస్మానియా క్యాంపస్ హాస్టల్ నుండి మన ఓపీకి వచ్చిన ఒక పరిశోధక విద్యార్థి. థీసిస్ గడువు దగ్గరపడి రాత్రులు నిద్ర లేదు. కంటిలో నొప్పి, ఎరుపు ఏమీ లేవు. తార్నాకలో కళ్ళజోడు మార్పించుకున్నాడు గాని గీతల వంకర పోలేదు.

ఓసీటీ స్కాన్‌లో రెటీనా క్రింద నీటి పొక్కు కనబడింది. దీనిని సెంట్రల్ సీరస్ కోరియోరెటినోపతి అంటారు. రెటీనా వెనుకనున్న రక్తనాళాల పొర నుండి నీరు ఊరి, చూపుకు ముఖ్యమైన మధ్యభాగం క్రింద చేరుతుంది. 30 నుండి 50 ఏళ్ళ మగవారిలో ఎక్కువ.

మందులేమైనా వాడుతున్నావా బాబూ అంటే "ఏమీ లేవు" అన్నాడు. మూడవసారి అడిగితే, పాత చీటీ చూపించి ఆయాసానికి బిళ్ళలు తెచ్చుకుంటున్నానన్నాడు. అవి ప్రెడ్నిసొలోన్, అంటే స్టెరాయిడ్! ఈ జబ్బుకు స్టెరాయిడ్ పెద్ద శత్రువు. బిళ్ళలే కాదు, కీళ్ళలో ఇంజక్షన్, ఇన్‌హేలర్, ముక్కులో స్ప్రే, చివరకు ముఖం తెల్లబడాలని పూసుకునే కొన్ని క్రీములు కూడా డాక్టరుకు చెప్పాలి. మనవాళ్ళు వీటిని మందులుగా లెక్కించరు. అలాగని చాలాకాలం వాడిన స్టెరాయిడ్ బిళ్ళలు ఒక్కసారిగా మానడం ప్రాణాపాయం. ఛాతీ డాక్టరుగారే అతని మోతాదు మెల్లగా తగ్గించి, ఆయాసానికి వేరే మందు రాశారు.

"గడువులోగా తగ్గే ఇంజక్షన్ ఏదైనా వేయండి" అని బ్రతిమాలాడు. మొదటి చికిత్స వేచి ఉండడమేనంటే అతనికి కోపం వచ్చింది. కాని చాలామందికి 3, 4 నెలల్లో నీరు తనంతట తానే ఇంకిపోతుంది. అలా పోకపోతే, లేదా మళ్ళీ మళ్ళీ వస్తే, ఫోటోడైనమిక్ చికిత్స ఉంది. వెర్టిపోర్ఫిన్ అనే మందు చేతి నరంలోకి సగం మోతాదులో ఎక్కించి, కారుతున్న చోట వేడి పుట్టించని లేజర్ వెలుగు వేస్తారు. తరువాత కొన్ని రోజులు ఎండ తగలకూడదు. ఈ మందుకు ఇటీవలి సంవత్సరాలలో ప్రపంచమంతటా కొరత వచ్చింది. మైక్రోపల్స్ లేజర్ కూడా ఉంది గాని 2018లో వెలువడిన ప్లేస్ పరీక్షలో ఫోటోడైనమిక్‌దే పైచేయి అయింది. కారే చోటు మధ్యభాగానికి దూరంగా ఉంటే మామూలు లేజర్ సరిపోవచ్చు. ఎప్లెరినోన్ బిళ్ళల మీద చాలా ఆశ ఉండేది. బ్రిటన్‌లో జరిగి 2020లో ఫలితాలు వెలువడిన విసి పరీక్షలో ఉత్తుత్తి బిళ్ళకంటే మెరుగేమీ కనబడలేదు. కంటిలో వేసే ఇంజక్షన్ కొత్త రక్తనాళాలు పుట్టినప్పుడే పనికివస్తుంది.

హాస్టల్ గదిలో గళ్ళ క్యాలెండర్‌ను రోజూ ఒక కన్ను మూసి చూడమన్నాము. వంకర ఎక్కువైతే వెంటనే రమ్మన్నాము. గైడుగారికి చెప్పి గడువు పెంచుకున్నాడు. నాలుగవ నెల స్కాన్‌లో నీరు లేదు. ఆ కంటికి రంగులు కొంచెం వెలిసినట్టున్నాయని మాత్రం ఇంకా అంటున్నాడు.