మీకు తెలుసా? మంచు పూర్తిగా కరగకముందే పూసే ఐరిస్‌లున్నాయి!

ఐరిస్‌ మొక్కలన్నీ చలికాలాన్ని ఒకే తీరుగా గడపవు. సైబీరియన్‌ ఐరిస్‌ ఆకులు పూర్తిగా ఎండి నేలకొరుగుతాయి. ప్రాణమంతా మట్టికింది దుంపలోనే. బియర్డెడ్‌ ఐరిస్‌ మాత్రం పొట్టి ఆకులు నాలుగు నిలుపుకుంటుంది. అల్లం కొమ్ములాంటి దాని దుంప సగం నేలపైనే ఉంటుంది. చలికి పాడవుతుందని దాన్ని లోతుగా పాతితే తడికి కుళ్లిపోతుంది. గట్టి రకాలు మంచును తట్టుకుంటాయి, నిలవ నీటిని తట్టుకోలేవు. పైగా చలి తగలకపోతే చాలా రకాలు సరిగా పూయవు. కశ్మీర్‌లో సమాధుల మీద పెంచే ఐరిస్‌లు ఈ జాతివే. మంచుకాలం దాటాక వసంతంలో పూస్తాయి.

టర్కీ, ఇరాన్‌ కొండల్లోని రెటిక్యులాటా ఐరిస్‌కు అంత ఓపిక లేదు. తోటల్లో ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే, ఒక్కోసారి మంచులోంచే, జానెడు ఎత్తున పూసేస్తుంది. ఎండాకాలమంతా గడ్డగా నిద్రపోతుంది.

అన్నిటికన్నా అబ్బురం అల్జీరియన్‌ ఐరిస్‌. నడి చలికాలంలో పూస్తుంది. పువ్వు కింద పొడవైన కాడలా కనిపించేది నిజానికి కాడ కాదు, పువ్వు గొట్టమే! అది 20 సెంటీమీటర్ల దాకా సాగుతుంది. గింజలు కట్టే అండాశయం మాత్రం అడుగున, నేలకు ఆనుకుని, దట్టమైన ఆకుల మధ్య దాగి ఉంటుంది. పైన విచ్చుకున్న పువ్వు మంచుకు మాడిపోయినా, వెనకాలే మరో మొగ్గ లేస్తుంది.

అమెరికా చిత్తడి నేలల లూసియానా ఐరిస్‌ది తలకిందుల లెక్క: చలికాలంలో పచ్చగా పెరిగి, ఎండలు ముదిరాక వాడి విశ్రమిస్తుంది.