వేసవి పూలమడులలో బిజీ లిజ్జీ: బూజు తెగులు నేర్పిన పాఠం

నీడ పడే చోట నిండుగా పూసే మొక్కలు అరుదు. బ్రిటన్ ఉద్యానాలలో ఈ కొరతను దశాబ్దాలపాటు తీర్చిన మొక్క బిజీ లిజ్జీ. దీని శాస్త్రీయ నామం ఇంపేషెన్స్ వాలరియానా. మన పెరళ్లలో పెరిగే బాల్సం కూడా ఇదే ప్రజాతికి చెందినది. బిజీ లిజ్జీ జన్మస్థానం కెన్యా నుండి మొజాంబిక్ వరకు విస్తరించిన తూర్పు ఆఫ్రికా. అక్కడ బహువార్షికమైన ఈ మొక్క గడ్డకట్టే చలిని తట్టుకోలేదు. అందువల్ల శీతల దేశాలలో దీనిని ఏకవార్షికంగా, వేసవి మడులకే పరిమితం చేసి పెంచుతారు.

సాగు విధానం

ఫిబ్రవరి, మార్చి నెలలలో గాజు గృహాలలో విత్తనం చల్లుతారు. విత్తనం చాలా సన్నగా ఉంటుంది. మొలకెత్తడానికి వెలుతురు తోడ్పడుతుంది కాబట్టి దానిని లోతుగా కప్పరాదు. 21 నుండి 24 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత అనుకూలం. రాత్రి మంచు గడ్డకట్టే ప్రమాదం తొలగిన తరువాత, అంటే మే చివర లేదా జూన్ మొదట్లో, నారును క్రమంగా బయటి వాతావరణానికి అలవాటు చేసి, సుమారు 20 సెంటీమీటర్ల ఎడంతో నాటుతారు. నేల తేమగా ఉండాలి కాని నీరు నిలవరాదు. వాడిన పూలను తుంచకపోయినా శరదృతువు వరకు పూత సాగుతుంది.

తెగులు విజృంభణ

ఇంత సులభమైన సాగును బూజు తెగులు దెబ్బతీసింది. దీనికి కారణం ప్లాస్మోపారా ప్రజాతికి చెందిన ఊమైసీట్. బ్రిటన్‌లో 2003లో తొలిసారి కనిపించిన ఈ తెగులు 2011లో తీవ్రరూపం దాల్చింది. మెటలాక్సిల్-ఎం మందుకు లొంగని తెగులు తెగలు కూడా అదే సంవత్సరం బయటపడ్డాయి. మరుసటి ఏడు అనేక విక్రయ కేంద్రాలు ఈ మొక్కల అమ్మకాన్నే నిలిపివేశాయి.

మొదట ఆకులు పాలిపోయి, అంచులు కిందికి ముడుచుకుంటాయి. దీనిని పోషక లోపంగా పొరబడే అవకాశం ఎక్కువ. ఆకు అడుగుభాగాన తెల్లని బూజు ఉన్నదేమో పరిశీలించడమే సరైన గుర్తింపు. తరువాత ఆకులు, పూలు రాలి మోడుబారిన కాడలు మిగులుతాయి. బీజాలు గాలి ద్వారా, నీటి తుంపరల ద్వారా వ్యాపిస్తాయి. మొక్క కణజాలంలో ఏర్పడే విశ్రాంతి బీజాలు నేలలో నిలిచి ఉంటాయి.

యాజమాన్యం

* తెగులు సోకిన మొక్కలను, రాలిన ఆకులను వెంటనే ఏరి నాశనం చేయాలి. కంపోస్టు గుంతలో వేయరాదు.
* ఉదయం వేళ, ఆకులు తడవకుండా మొదళ్లకు నీరు పెట్టాలి.
* మరుసటి సంవత్సరం అదే మడిలో బిజీ లిజ్జీని నాటరాదు. బిగోనియా, కోలియస్ వంటి వాటికి ఈ తెగులు సోకదు. న్యూగినీ ఇంపేషెన్స్ దీనిని బాగా తట్టుకుంటుంది.
* బీకన్, ఇమారా ఎక్స్‌డిఆర్ వంటి అధిక నిరోధక శక్తి గల రకాలను ఎంచుకోవాలి.

నిరోధక రకాల రాకతో బిజీ లిజ్జీ తిరిగి మడులకు చేరింది. అయితే ఏటేటా ఒకే జాతితో మడులను నింపే అలవాటు మారకపోతే, ఆ నిరోధక శక్తిని అధిగమించే తెగులు తెగలకు మనమే తావిచ్చినవారమవుతాము. 2011కు ముందు సాగులో ఉన్న బిజీ లిజ్జీ రకాలు రంగులలో ఎంత భిన్నమైనా తెగులుకు లొంగడంలో మాత్రం ఒక్కటే. వైవిధ్యాన్ని పూల రంగులో కాక జన్యువులలోనూ, నాటే జాతులలోనూ చూడవలెనన్నది విస్తరణ శాస్త్రవేత్తలు సాగుదారుల దృష్టికి తీసుకువెళ్లవలసిన విషయం.