కెర్నెల్ రాసుకునే పద్దు

హైదరాబాదు తూర్పున, అటు ఉప్పల్‌కూ ఇటు నాచారానికీ దగ్గరలో, హబ్సిగూడ వద్ద ఉన్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 1961లో ఏర్పడింది. ఎన్‌జీఆర్ఐ అన్న పొట్టి పేరుతో ఒక మెట్రో స్టేషన్‌ కూడా ఉన్న ఈ సంస్థలోని భూకంప నమోదు కేంద్రాన్ని ప్రపంచ శాస్త్రజ్ఞులు హెచ్‌వైబి అనే సంకేతంతో గుర్తిస్తారు. భూకంప సమాచారాన్ని ఇచ్చిపుచ్చుకోవడానికి వాడే మినీసీడ్ పద్ధతిలో ఒక్కో రికార్డు తలభాగాన కేంద్రం సంకేతం, తొలి నమూనా తీసిన సమయం ఒక్కసారే రాసి, ఆపై నేల కదలిక విలువలను సాధారణంగా ఒకదానికీ మరొకదానికీ ఉన్న తేడాలుగా కుదించి పేరుస్తారు. పూర్తి విలువ ఒక్కసారి, ఆ తరువాత తేడాలు మాత్రమే అన్న ఈ పొదుపే లినక్స్ కెర్నెల్‌లోని ఎఫ్‌ట్రేస్‌లోనూ కనిపిస్తుంది.

ప్రాసెసర్‌ను, మెమరీని ప్రోగ్రాములకు పంచిపెట్టే ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం కెర్నెల్ కాగా, అందులో ఎప్పుడు ఏం జరిగిందో రాసిపెట్టే సాధనం ఎఫ్‌ట్రేస్. స్టీవెన్ రోస్టెడ్ రూపొందించిన ఈ సాధనం 2008లో, 2.6.27 వెర్షన్‌తో కెర్నెల్‌లో చేరింది. ఇది ప్రతి ప్రాసెసర్‌కూ విడిగా ఒక వలయాకార బఫర్‌ను, అంటే నిండాక మళ్లీ మొదటి నుంచి పాతదానిపైనే రాసుకుపోయే మెమరీని, కేటాయిస్తుంది. బఫర్‌లోని పుట సాధారణంగా 4,096 బైట్లు. 64 బిట్ల యంత్రాల్లో దాని తలభాగానికి పోయే 16 బైట్లలో సగం పూర్తి సమయానికి, సగం పుటలో ఎంతమేరకు రాశారన్న లెక్కకు చెందుతాయి. తరువాత ప్రతి ఘటనకూ ముందు 32 బిట్ల చిన్న శీర్షిక ఉంటుంది; అందులో 5 బిట్లు నమోదు రకాన్ని లేదా పొడవును, 27 బిట్లు వెనుకటి ఘటన నుంచి గడిచిన నానోసెకన్లను తెలుపుతాయి. 27 బిట్లలో సుమారు 0.134 సెకనుకు మించిన వ్యవధి ఇమడదు కాబట్టి, అంతకన్నా దీర్ఘమైన విరామం వస్తే దానిని తెలిపే ప్రత్యేక నమోదు ముందుగా పడుతుంది.

ప్రాసెసర్ ఒక పనిని దించి మరో పనిని ఎక్కించుకున్నప్పుడు రాసే షెడ్_స్విచ్ ఘటననే తీసుకుంటే, తొలి 8 బైట్లు అన్ని ఘటనలకూ ఉమ్మడిగా ఉండేవి. వాటిలో ఘటన సంఖ్య, స్థితి సూచికలు, నడుస్తున్న ప్రాసెస్ సంఖ్య వంటివి ఇముడుతాయి. దిగే పని పేరుకు 16, దాని సంఖ్యకు 4, ప్రాధాన్యానికి 4, స్థితికి 8 బైట్లు పోగా, ఎక్కే పని పేరుకు మరో 16, సంఖ్యకూ ప్రాధాన్యానికీ నాలుగేసి పోతాయి. మొత్తం 64, శీర్షికతో 68. మధ్యలో వేరే నమోదులేవీ రాకపోతే ఒక పుటలో ఇలాంటివి సరిగ్గా 60 పడతాయి.

ఇంత పొదుపు ఎందుకంటే, భూకంపలేఖిని నేలను కదిలించదు గానీ ఎఫ్‌ట్రేస్ మాత్రం తాను గమనిస్తున్న ప్రాసెసర్ కాలాన్నే వాడుకుని రాయాలి. రాత బరువైతే కొలతే తప్పుతుంది. అందుకే ఏ బైటుకు ఏ పేరన్నది ఘటనతో పాటు రాయకుండా, ఘటన రకానికి ఒకటి చొప్పున ఫార్మాట్ అనే విడి ఫైలులో ఉంచారు. ట్రేస్-సీఎండీ అనే తోడు సాధనం ఆ వివరణను కూడా నమోదుతో పాటు భద్రపరచడం వల్ల మరో యంత్రంలోనూ దానిని చదవవచ్చు. ఈ ఏర్పాట్లన్నిటిలో అత్యంత దూరదృష్టి గలది ఇదే. లినక్స్ వాడే పాఠకులు రూట్ అధికారంతో సిస్, కెర్నెల్, ట్రేసింగ్, ఈవెంట్స్, షెడ్ డైరెక్టరీల మీదుగా షెడ్_స్విచ్ వరకు వెళ్లి ఫార్మాట్ ఫైలును తెరిస్తే, పై లెక్కలోని బైట్లు వరుసగా కనిపిస్తాయి.