సిజేరియన్ గాయానికి చీము పట్టకుండా జాగ్రత్తలు

పాలు పోయకముందే క్యాను కడుగుతాము. పోశాక కడుగుదామంటే పాలు దక్కవు. ఈ సంగతి మన సభ్యులకు మేము చెప్పనక్కరలేదు. సిజేరియన్ కాన్పు గాయానికీ సూత్రం ఇదే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో నూటికి 60కి పైగా, ఆంధ్రప్రదేశ్‌లో 42 కాన్పులు సిజేరియన్లేనని తేలింది. కనుక ఈ విషయం ప్రతి సంఘానికీ అవసరమే.

ఒక సంఘంలో పాసుపుస్తకాలు తనిఖీ చేస్తుండగా, ఒక సభ్యురాలు నెల రోజులు పాలు పోయలేదని గమనించాము. విచారిస్తే, సిజేరియన్ అయిన పన్నెండో నాడే ఆమె గేదెల పాకలో పేడ ఎత్తిందని, కుట్లకు పసుపు అద్దారని, చీము పట్టి మళ్ళీ ఆసుపత్రిలో చేరిందని తెలిసింది. ఉన్న రెండు గేదెల్లో ఒకటి ఆ ఖర్చుకే పోయింది.

ఆసుపత్రిలో: కోతకు ముందు గంటలోపే యాంటీబయాటిక్ సూది వేస్తారు. క్రిములు చేరేసరికి మందు ఒంట్లో సిద్ధంగా ఉండాలన్నదే ఉద్దేశం. చర్మాన్ని మందు ద్రావణంతో శుభ్రం చేస్తారు. ఇంటి దగ్గర బ్లేడుతో వెంట్రుకలు తీసి పంపవద్దు. కంటికి ఆనని గాట్లలో క్రిములు చేరతాయి. షుగరు ఉంటే కాన్పుకు ముందు నుంచే అదుపులో ఉంచుకోవాలి.

ఇంటి వద్ద:

1. సబ్బుతో చేతులు కడగనిదే కుట్లను ఎవరూ తాకరాదు.

2. పసుపు, బూడిద, నూనె, పౌడరు ఏదీ పూయరాదు. స్నానం తరువాత శుభ్రమైన గుడ్డతో అద్ది ఆరనివ్వాలి.

3. ఉతికి ఎండవేసిన వదులు నూలు బట్టలు కట్టుకోవాలి.

4. డాక్టరు రాసిన మాత్రలు మధ్యలో మానరాదు.

5. పేడ ఎత్తడం, క్యాన్లు మోయడం ఆరు వారాలు వద్దు.

6. పథ్యం పేరిట పాలు, పప్పు, గుడ్లు మాన్పించరాదు. గాయం మానడానికి అవే బలం. కేంద్రానికి పాలు పోసే ఇంట్లో బాలింతకు గ్లాసెడు పాలు కరువు కాకూడదు.

కుట్ల చుట్టూ ఎరుపు, వాపు, పెరిగే నొప్పి, చీము, దుర్వాసన, జ్వరం, కుట్లు విడిపోవడం, వీటిలో ఒక్కటి కనిపించినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. ఇంటికి వచ్చాక కూడా నెల రోజులు కనిపెట్టి ఉండాలి.

ఆ ఆరు వారాలు పాక పని, పాలు పోసే పని ఇంటి మగవారు చూసుకోవాలి. పాలకవర్గం వారు ఈ విషయాలను సభ్యుల సమావేశంలో చదివి వినిపించగలరని మా మనవి.