రంపం ఆగిందా... మనమూ పది నిమిషాలు ఆగుదాం!

2024 జులై 8. బెరిల్ తుపాను హ్యూస్టన్‌ను అతలాకుతలం చేసింది. నగరం, చుట్టుపక్కల కలిపి 20 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. మా వీధికి అడ్డంగా ఓ పెద్ద ఓక్ కొమ్మ పడింది. కార్లు కదిలే దారి లేదు. సైటులో పనిచేసే నలుగురం చైన్‌సా తీసుకుని దిగాం. కొమ్మ సగం తెగిందో లేదో... రంపం ఆగిపోయింది. పెట్రోలు అయిపోయింది!

మాలో ఒక తమ్ముడు డబ్బా మూత తీసి, సెగలు కక్కుతున్న ఇంజను మీదే వంచబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపాం. వేడి సైలెన్సర్ మీద నాలుగు చుక్కలు పడినా భగ్గుమనే ప్రమాదం ఉంది. కనీసం పది నిమిషాలు చల్లారాలి. 'ఈలోగా పనైపోయేది కదన్నా' అని విసుక్కున్నాడు.

ఊళ్లో మన అలవాటు అలాంటిది. చేతక్ స్కూటర్ ఆగితే పక్కకు ఒరిగించి కిక్కు మీద కిక్కు కొట్టేవాళ్లం. రంపమూ టూస్ట్రోకే. పెట్రోల్లో ఆయిలు కలపాల్సిందే. చాలా మోడళ్లకు 50 పాళ్లకు ఒక పాలు, అంటే గ్యాలన్‌కు 2.6 ఔన్సులు. అయితే ట్యాంకు పూర్తిగా ఎండితే పైపులో, కార్బురేటర్‌లో గాలి చేరుతుంది. అందుకే ఇంజను వేడిగా ఉన్నా వెంటనే అందుకోదు.

మేం చేసేది ఇదీ. పెట్రోలుతో పాటు చైన్ ఆయిలూ నింపుతాం. ఒలికింది తుడిచి, పోసిన చోటు నుంచి 10 అడుగులు దూరం జరుగుతాం. చెట్లు కొట్టే పనికి అమెరికా భద్రతా సంస్థ ఓషా పెట్టిన నిబంధన కూడా ఇదే. చైన్ బ్రేకు వేసి, రంపాన్ని నేల మీద పెట్టి, వెనక పిడిని బూటుతో తొక్కిపడతాం. ప్రైమర్ బల్బు ఉంటే అందులో పెట్రోలు కనిపించేదాకా నొక్కుతాం. చోక్ మూసి తాడు లాగుతాం. 'టప్' మనగానే సగం చోక్‌కు మార్చి మళ్లీ లాగుతాం.

చాలామంది పొరబడేది ఇక్కడే. ఆ 'టప్' పట్టించుకోకుండా లాగుతూ పోతే ప్లగ్గు తడిసిపోతుంది. అప్పుడు స్విచ్ ఆపి, ప్లగ్గు విప్పి తుడిచి, మొహం పక్కకు పెట్టి, ప్లగ్గు లేకుండానే నాలుగైదుసార్లు తాడు లాగాలి. తర్వాత బిగించాలి. రంపాన్ని గాల్లో వేలాడదీసి లాగే అలవాటు మాత్రం వద్దే వద్దు.

ఆ రోజు నాలుగో లాగుకు ఇంజను అందుకుంది. చీకటి పడేలోగా దారి తెరుచుకుంది. రాత్రి ఊరి నుంచి అమ్మ ఫోను. 'తుపానంట, ఎట్లున్నార్రా?'

'అందరం బాగున్నాం' అని నిజమే చెప్పగలిగాం. ఆగిన ఆ పది నిమిషాలు అందుకే!