క్లచ్ మార్చినంత మాత్రాన కొండ సులువుగా ఎక్కదు

నగరి నుంచి పుత్తూరు మీదుగా తిరుపతికి, అక్కడి నుంచి కొండకు. మా వైపు కారు కొన్నవాళ్ళు ముందుగా పట్టే దారి ఇదే. అలిపిరి తనిఖీ దగ్గర బండ్లు బారులు తీరి, ఆగుతూ కదులుతూ ఉన్నప్పుడు కాలిన వాసన వస్తుంది. ఊరికి తిరిగి రాగానే ఎవరో ఒకరు సలహా ఇస్తారు: "కంపెనీ క్లచ్ ఆగదు, పర్ఫార్మెన్స్ క్లచ్ వేయించు." ఆ మాట విని డబ్బు పోసేముందు కొన్ని సంగతులు తెలుసుకోవాలి.

అపోహ: పర్ఫార్మెన్స్ క్లచ్ వేస్తే ఇంజను బలం పెరుగుతుంది.

వాస్తవం: క్లచ్ బలాన్ని పుట్టించదు. ఇంజను ఇచ్చే టార్కును జారనీయకుండా గేర్‌బాక్సుకు అందిస్తుంది, అంతే. స్విఫ్ట్ 1.3 డీజిల్ ఇంజను ఇచ్చే గరిష్ఠ టార్కు 190 న్యూటన్ మీటర్లు. దానికి వచ్చే కంపెనీ క్లచ్ అంతకు మించి పట్టేలాగే తయారవుతుంది. ట్యూనింగ్ చేయించి టార్కు పెంచుకున్న బండికో, రేసు బండికో గట్టి ప్రెషర్ ప్లేటు కావాలి. మామూలు బండికి వేస్తే పెడల్ బరువెక్కి కాలు నొప్పి పుడుతుంది. సిరామిక్ బిళ్ళల ప్లేటైతే మెల్లగా పట్టదు, ఒక్కసారిగా పట్టేస్తుంది. బజారు ఇరుకులో బండి కుదుపుతూ కదులుతుంది.

అపోహ: ఎత్తులో బండి వెనక్కు జారకుండా హాఫ్ క్లచ్‌లో నిలపడం మంచి డ్రైవరు లక్షణం.

నా లెక్కలో అసలు జబ్బు ఇదే. హాఫ్ క్లచ్‌లో బండి కదలకుండా నిలబడితే ఫ్లైవీల్ తిరుగుతూ ఉంటుంది, ప్లేటు ఆగి ఉంటుంది. రెండూ ఒరుసుకుంటాయి. ఇంజను అందించే శక్తి మొత్తం అక్కడే వేడిగా మారుతుంది. ప్లేటు లైనింగు మాడుతుంది, ఫ్లైవీల్ ముఖం మీద నీలి మచ్చలు పడతాయి, ఆ మచ్చలున్న చోట లోహం గట్టిపడి క్లచ్ వణుకుతుంది. ఎంత ఖరీదైన క్లచ్ అయినా ఈ అలవాటు ముందు నిలవదు. 1974లో తెరిచిన రెండో ఘాట్ రోడ్డులో ఎక్కేటప్పుడు ముందు బండి ఆగితే హ్యాండ్‌బ్రేక్ వేయండి, న్యూట్రల్ చేసి కాలు తీసేయండి. కదలాల్సినప్పుడు మొదటి గేరు వేసి, క్లచ్ పట్టడం మొదలయ్యాకే హ్యాండ్‌బ్రేక్ వదలండి.

ఇక ఫ్లైవీల్. తేలికైనది వేస్తే పికప్ పెరుగుతుందనే మాటలో సగం నిజముంది. ఇంజను చప్పున రెవ్ అందుకుంటుంది. అయితే ఫ్లైవీల్ బరువే తిరిగే శక్తిని దాచిపెట్టి, ఎత్తులో బండి కదిలేటప్పుడు ఇంజను ఆగిపోకుండా ఆదుకుంటుంది. దాన్ని తగ్గిస్తే ఐడ్లింగ్ తడబడుతుంది, కొండ ఎక్కేటప్పుడు ఇంజను ఆఫ్ అవుతుంది. జర్మనీకి చెందిన లుక్ కంపెనీ 1985లో మార్కెట్లోకి తెచ్చిన డ్యుయల్ మాస్ ఫ్లైవీల్‌లో రెండు చక్రాల మధ్య స్ప్రింగులుంటాయి. డీజిల్ ఇంజను అదురును గేర్‌బాక్సుకు చేరనీయకుండా అవి మింగేస్తాయి. దాన్ని సాధారణంగా లేత్ మీద చెక్కించకూడదు. ఆట ఎంతుందో కంపెనీ చెప్పిన కొలతతో సరిచూసి, దాటితే మార్చడమే. ఒకే ముక్క ఫ్లైవీల్ అయితే, కనీస మందం మిగిలే మేరకు చెక్కించవచ్చు.

అపోహ: అరిగింది ప్లేటు కాబట్టి ప్లేటొక్కటే మారిస్తే చాలు.

వాస్తవం: ఈ పనిలో పెద్ద ఖర్చు గేర్‌బాక్సు దించే కూలి. ఒకసారి దించాక ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ సెట్టుగా మార్చడం లాభం. క్రాంక్ వెనక ఆయిల్ సీలు కారుతోందేమో అప్పుడే చూడాలి. కొత్త ప్లేటు మీద ఆయిల్ చుక్క పడినా పని చెడినట్టే.

గేరు పడనంత మాత్రాన క్లచ్ పోయిందనుకోవద్దు. కేబుల్ సాగి ఉండొచ్చు, హైడ్రాలిక్ లైనులో గాలి చేరి ఉండొచ్చు. నాలుగో గేరులో యాక్సిలరేటర్ తొక్కితే రెవ్ పెరిగి వేగం పెరగకపోతేనే క్లచ్ జారుతోందని అర్థం.

ఇంకొకటి ప్రాణాల మీదికొచ్చే అపోహ: దిగేటప్పుడు క్లచ్ నొక్కిపెడితే ఇంధనం మిగులుతుందని. 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డులో అలా దిగితే భారమంతా బ్రేకుల మీద పడుతుంది. అవి వేడెక్కి పట్టు తప్పుతాయి. నేటి ఇంజన్లు గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే ఇంధనాన్ని ఆపేస్తాయి, క్లచ్ నొక్కిపెట్టినా, న్యూట్రల్‌లో ఉన్నా ఐడ్లింగ్‌కు కాలుస్తాయి. చిన్న గేరులోనే దిగండి.

కొత్త క్లచ్ వేయించాక మొదటి 500 కిలోమీటర్లు నగరి, పుత్తూరు మధ్య మామూలుగా నడపండి. లైనింగు ఫ్లైవీల్‌కు బాగా కుదురుకున్నాక కొండకు పోండి.